బొమ్మలు గీయు పలక కథ

పెక్కు కంప్యూటర్లలో తెరపై కనిపించు బొమ్మలను గీయునది లోపల అమర్చిన ఒక చిన్న పలక. దానిని గ్రాఫిక్స్ కార్డు అందురు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో దానిని కొన్నవారికి పలక దక్కెడిది గాని, దాని మర్మము దక్కెడిది కాదు. తయారీదారులలో పెక్కుమంది ఆ వివరములను దాచియుంచిరి. లినక్స్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును నిర్మించువారు ఆ పలకను నడపు డ్రైవరును వ్రాయబూనుట, తాళము వేసిన ఇంటిలోనివారితో గోడ వెలుపలినుండి మాటలాడినట్లుండెడిది.

2004లో అమెరికాలో తిమోతీ మిల్లర్ అను ఇంజనీరు ఒక ఉపాయము ప్రతిపాదించెను. దాచినవారిని బ్రతిమాలుట మాని, మనమే ఒక పలకను చేసి దాని పటములను లోకమునకు వెల్లడింతము అని. దానికే ఓపెన్ గ్రాఫిక్స్ ప్రాజెక్టు అని పేరు. ఆ సాహసమునకు ఆధారము అంతకు సుమారు ఇరువది ఏండ్ల ముందు పుట్టిన ఒక చిత్రమైన చిప్పు.

సాధారణముగా చిప్పు పోతపోసిన విగ్రహము వంటిది. పోసిన రూపము మారదు. 1984లో కాలిఫోర్నియాలో జైలింక్స్ సంస్థను స్థాపించిన ముగ్గురిలో ఒకరైన రాస్ ఫ్రీమన్ ఆలోచన వేరు. 1985లో వెలువడిన ఎక్స్‌సి2064 అను చిప్పులో 64 తర్కఖండములుండెను. ఒక్కొక్క ఖండములో ఒక చిన్న పట్టిక. దానిలోనికి నాలుగు తీగలు వచ్చుననుకొనుడు. ఒక్కొక్క తీగ ‘ఔను’ అనియో ‘కాదు’ అనియో మాత్రమే చెప్పగలదు. అప్పుడు సంభవించు సందర్భములు 16. ఆ పదునారింటికిని జవాబులు పట్టికలో వ్రాసియుంచినచో, ఖండము మీరు కోరిన తర్కమగును. జవాబులు మార్చిన తర్కము మారును. ఖండముల నడుమ తీగల కలయికలును ఇట్లే మార్చదగినవి. కరెంటు తీసినంతనే చిప్పు సర్వము మరచిపోవును. మరల వెలిగించినప్పుడు పాఠము మరల చెప్పవలెను. దీనిని లోపమనువారు కలరు. నా దృష్టిలో దాని సొగసంతయు ఇందులోనే యున్నది: తప్పు వచ్చినచో చెరిపి వ్రాసికొనవచ్చును. ఫ్రీమన్ 1989లోనే మరణించెను.

మిల్లర్ బృందము నిర్మించిన ఓజిడి1 పలకపై జైలింక్స్‌వారి స్పార్టన్-3 జాతి చిప్పు నుంచిరి. అందలి ఖండములు 6,912. ఒక్కొక్కటి పూర్వపుదానికన్న పెద్దది. ప్రక్కన 256 మెగాబైట్ల జ్ఞాపకశక్తి. 2008లో 1,500 డాలర్ల వెలకు ముందుగా ఆర్డర్లు స్వీకరించిరి. ఈ అమ్మకముల రాబడితో చౌకయగు స్థిరమైన చిప్పును పోతపోయించి సామాన్యులకు అందింపవలెనని తలంపు. అది నెరవేరలేదు. చిప్పు అచ్చులకు లక్షలాది డాలర్లు కావలెను. ప్రయోగపు పలకకు అంత వెల పెట్టువారు ఎందరుందురు? ఇంతలో ఏఎండి సంస్థ 2007 నుండి తన గ్రాఫిక్స్ చిప్పుల వివరములను తానే వెల్లడింపసాగెను. ఉద్యమమునకు మూలమైన దాహము దానితో కొంత తీరెను.

ఐనను ఆ దారి మూతపడలేదు. 2011లో సెబాస్టియన్ బూర్దోడ్యుక్ మిల్కీమిస్ట్ వన్ అను పలకను వెలువరించెను. సంగీతమునకు అనుగుణముగ తెరపై రంగుల ఆట ఆడించుట దాని పని. అందు జ్ఞాపకశక్తిని నడపు భాగపు రచన బహిరంగము గనుక, నాసావారు దానిని గైకొని 2012లో అంతరిక్ష కేంద్రమునకు పంపిన రేడియో ప్రయోగమున వాడిరి. వినోదమునకై వ్రాసినది ఆకాశమున రేడియోకు పనికివచ్చుట రేడియో శ్రోతలకు ముచ్చట గొలుపకపోదు.

కాని ఒక తాళము మిగిలియుండెను. పలక పటములు బహిరంగమైనను, చిప్పునకు పాఠము చెప్పు లిపి రహస్యమే. 2015లో క్లేర్ వుల్ఫ్, ఆమె సహచరులు లాటిస్ సంస్థవారి ఐస్40 చిప్పుల లిపిని ఐస్‌స్టార్మ్ పేర ప్రకటించిరి. పాఠమును కొంచెము మార్చి, లిపిలో ఏ బిట్టు మారెనో చూచి, ఒక్కొక్క అక్షరమునే గుర్తించిన ఓపిక అది. పిమ్మట అదే సంస్థవారి ఈసీపీ5 చిప్పులకును అట్టి పని జరిగెను. ఆ చిప్పుతో క్రొయేషియాలోని జాగ్రెబ్ నగరపు రేడియోనా బృందము యుఎల్‌ఎక్స్3ఎస్ అను పలకను చేసినది. తెరకు తగిలించు వీలున్న ఆ పలకపై ఔత్సాహికులు పాత ఆటయంత్రములను తిరిగి పుట్టించుచున్నారు. పలక పటము మొదలు చిప్పు లిపి వరకు ఎవరైనను విప్పి చూడవచ్చును.