సిగ్గు, నింద: స్టువార్టుపురం సెటిల్మెంటు చరిత్ర

తెనాలిలో చీరాల వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కితే, బాపట్ల దాటాక స్టువార్టుపురం స్టేషను వస్తుంది. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల నుంచి ఈ కోర్సు చదువుతున్న మీలో చాలామందికి ఆ పేరు ఊరి పేరుగా కంటే ముందు తిట్టుగానే తెలిసి ఉంటుంది. ఒక ఊరి పేరు తిట్టుగా ఎలా మారిందన్నది ఈ పాఠంలో మన ప్రశ్న. అందుకు పోలీసు చట్టాన్ని మాత్రమే చూస్తే చాలదు. ఆ ఊరిని నడిపింది ఒక క్రైస్తవ సంస్థ కాబట్టి, సిగ్గు, నిందల గురించి క్రైస్తవ నీతిశాస్త్రం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి.

సిగ్గు అంటే తప్పు నలుగురిలో బయటపడుతుందన్న జంకు. 13వ శతాబ్దపు వేదాంతి థామస్ అక్వైనాస్ దీన్ని పూర్తి సద్గుణంగా లెక్కించలేదు గాని, మనిషిని తప్పు నుంచి వెనక్కి లాగుతుంది కనుక మెచ్చదగినదే అన్నాడు. నింద ఇతరులు వేసేది. అందులోనూ ఆయన తేడాలు చూపాడు. ఒకరి లోపాన్ని బయటపెట్టి పరువు తీయడం ఒక రకం. కష్టకాలంలో చేసిన సాయాన్ని గుర్తుచేసి చిన్నబుచ్చడం మరో రకం. ఈ రెండోదాన్నే మనం దెప్పిపొడవడం అంటాం. దిద్దడానికి మందలించడం వేరు. దానికి మత్తయి సువార్త 18వ అధ్యాయం ఒక క్రమం చెప్పింది: మొదట ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరు సాక్షులతో, అప్పటికీ వినకపోతేనే సంఘం ముందు.

ఈ క్రమమంతా ఒక మనిషి చేసిన ఒక పని చుట్టూ తిరుగుతుందని గమనించండి. మరి జన్మపాపం మాటేమిటని మీరు అడగవచ్చు. అది మానవులందరి గురించి చెప్పిన సిద్ధాంతం, ఏ ఒక్క కులం గురించీ కాదు.

చట్టం నడిచిన దారి దీనికి పూర్తిగా విరుద్ధం. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ జాతుల చట్టం, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. దాని కింద ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే చాలు, అందులోని మనిషి మీద నేరం రుజువు కానక్కర్లేదు. పేరు నమోదు, వేలిముద్రలు, హాజరు, సెటిల్మెంటులో నివాసం అన్నీ వర్తించేవి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా ప్రభుత్వానికి ఉండేది. ఉప్పు, ధాన్యం పశువుల మీద మోసుకుని ఊరూరా అమ్మిన ఎరుకలవారు ఈ చట్టం కిందికి వచ్చారు. రైళ్లు, ఉప్పు విధానం వారి వ్యాపారాన్ని అప్పటికే దెబ్బతీశాయి.

1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర ఏర్పడిన సెటిల్మెంటును ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువార్ట్ పేరే ఊరి పేరైంది. సాల్వేషన్ ఆర్మీ సభల్లో పశ్చాత్తాపపడినవారు ముందుకు వచ్చి అందరి ఎదుటా మోకరించడం ఆనవాయితీ. సెటిల్మెంటులో హాజరు కూడా అందరి ఎదుటే. మొదటిది మనిషి తనంతట తాను లేచి చేసేది. రెండోది, చేయకపోతే శిక్ష పడేది. ఒకే ఆవరణలో ఈ రెండూ కలిసిపోయినప్పుడు, చేసిన పనికి సిగ్గుపడటానికీ, పుట్టుకకు తలవంచుకోవడానికీ మధ్య గీత చెరిగిపోయింది. నా దృష్టిలో స్టువార్టుపురం కథలో అసలు నష్టం ఇదే.

భూమి, బడి, పని ఇచ్చారన్నది కాదనలేం. కాని సివిల్ సర్వీసు వదిలి ఈ సంస్థలో చేరిన బూత్ టక్కర్, నేరాన్ని నయం చేసే విద్యకు క్రిమినోక్యూరాలజీ అని పేరు పెట్టి, ఆ మనుషులను ‘క్రిమ్’ అనే పొట్టిపేరుతో ప్రస్తావించాడు. ప్రేమతోనే అన్నాడని వాదించేవారున్నారు. ఆ పేరు మోసినవారికి ఆ తేడా ఎంతవరకు తెలిసి ఉంటుంది?

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దుచేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. పేరు మాత్రం మిగిలింది. 1991లోనే ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి. 1970ల్లో అక్కడ సంస్కరణకు పూనుకున్న హేమలతా లవణం, కవి జాషువా కుమార్తె, నాస్తికురాలు. పాపం, పశ్చాత్తాపం అన్న మాటలతో పని లేకుండానే ఆమె ఆ ఊరివారితో కలిసి పనిచేశారు.

అభ్యాసం: మీకు దొరికిన దినపత్రికలో ఒక దొంగతనం వార్త చదవండి. నిందితుడి గురించి చెప్పిన వాక్యాల్లో అతడు చేసిన పనికి సంబంధించినవి ఎన్ని, ఊరికో కులానికో సంబంధించినవి ఎన్ని? విడివిడిగా రాయండి.