పల్నాటి పూడిక, తీరపు కోత: కృష్ణా డెల్టా పాలనలో చట్టం గీసిన హద్దులు

ఉపోద్ఘాతం

పల్నాడుకు సముద్రతీరం లేదు. అయినా పల్నాటిని విడిచి కృష్ణా డెల్టా తీరచరిత్రను రాయడం సాధ్యం కాదు. డెల్టా నది మోసుకొచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నేల. ఒండ్రు రాక తగ్గితే అలల కోతదే పైచేయి అవుతుంది. వాతావరణ మార్పు వల్ల సముద్రమట్టం పెరిగేకొద్దీ ఆ నష్టం మరింత తీవ్రమవుతుంది. మన చట్టాలు మాత్రం నదిని ఒకవైపు, తీరాన్ని మరొకవైపు ఉంచి పాలించాయి. ఈ విభజన ఏర్పడిన క్రమాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నది: నీటికే లెక్క

మాచర్ల సమీపాన నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. కుడికాలువ పల్నాటి మెట్టపొలాల రూపురేఖలను మార్చింది. అదే సమయంలో జలాశయం ఒండ్రును నిలువరించింది. తొలుత 408 టీఎంసీలుగా ఉన్న నిల్వ సామర్థ్యం పూడిక వల్ల సుమారు 312 టీఎంసీలకు తగ్గింది.

1956 నాటి అంతర్రాష్ట్ర జలవివాదాల చట్టం కింద 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్, 75 శాతం విశ్వసనీయతతో 2,060 టీఎంసీలను రాష్ట్రాలకు పంచింది. ఆ పంపకం నీటికి సంబంధించినది; ఒండ్రుకు అందులో వాటా లేదు. డెల్టా ఆయకట్టు స్థిరీకరణకై నిర్మించిన పులిచింతల 2013లో అందుబాటులోకి వచ్చింది. డెల్టా పొలానికి మేలు చేసే ఈ జలాశయమే డెల్టా అంచుకు చేరవలసిన ఒండ్రుకు మరొక అడ్డంకి.

తీరం: పోటు గీత నుండి కొలత

సముద్రపు పోటు గీత నుండి 500 మీటర్ల మేర తీరాన్ని కాపాడాలని ఇందిరాగాంధీ 1981లో తీరరాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం ఆధారంగా 1991 ఫిబ్రవరి 19న వెలువడిన నోటిఫికేషన్ ఆ కొలతకు చట్టబద్ధత కల్పించింది. 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులను నిషేధించగా, 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఆ సాగుకు తిరిగి దారి తెరిచింది.

2011 నోటిఫికేషన్ కోతను, సముద్రమట్టం పెరుగుదలను గణించి ప్రమాదరేఖ గీయాలన్నది. 2019 నోటిఫికేషన్ ఆ రేఖను విపత్తు ప్రణాళికకు సాధనంగా మాత్రమే మిగిల్చి, జనసాంద్రత అధికంగా ఉన్న గ్రామీణ తీరాల్లో నిర్మాణరహిత పట్టీని 50 మీటర్లకు కుదించింది. ప్రమాదాన్ని గుర్తించే పరిజ్ఞానం పెరుగుతుండగా నియంత్రణ సడలడం ఈ దశ ప్రత్యేకత.

జిల్లా: చీలిన బాధ్యత

2022 ఏప్రిల్ 4 వరకు మాచర్ల, నిజాంపట్నం రెండూ గుంటూరు జిల్లాలోనివే. పునర్విభజనతో ఒకటి పల్నాడుకు, మరొకటి బాపట్లకు చేరాయి. 2011 నోటిఫికేషన్ కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీలను, వాటిలో సంప్రదాయ తీరవాసులకు ప్రాతినిధ్యాన్ని నిర్దేశించింది. కానీ తీరం లేని జిల్లాలో అట్టి కమిటీకి తావులేదు. 2014 పునర్విభజన చట్టం ఏర్పరచిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ప్రధాన విధులు నీరు, విద్యుత్తుల నియంత్రణే.

ముగింపు

తీరపు కోతకు సాగర్‌నొక్కదానినే కారణంగా చూపడం సరికాదు. శ్రీశైలం మొదలు ఎగువ ఆనకట్టలన్నింటికీ అందులో పాలుంది. కాలువ నీటిపై బతికే పల్నాటి రైతును మత్స్యకారునికి ప్రతివాదిగా నిలపడమూ న్యాయం కాదు. లోపం సంస్థల కూర్పులో ఉంది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుండి రక్షణను 2024లో సుప్రీంకోర్టు రాజ్యాంగహక్కుగా గుర్తించింది. ఆ హక్కు డెల్టా అంచున సార్థకం కావాలంటే నదీ బోర్డు నీటితోపాటు ఒండ్రునూ లెక్కించాలి. తీరప్రణాళిక ఆ లెక్కను ఆధారం చేసుకోవాలి.