పూర్వపు బాణీలో పదగానము

తెలుగుపదమును పూర్వు లెట్లు పాడిరో తెలుపు గ్రంథము 1904లో అరవదేశమందలి ఎట్టయపురమున, తెలుగులిపిలోనే అచ్చయ్యెను. అది సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని. ఇటీవల కాకినాడలో నొక యింట, అందలి గమకచిహ్నములను తప్పక, ధ్వనివర్ధకము లేక, క్షేత్రయ్యపదములను విలంబముగ పాడగా వింటిని. స్వరమునకు స్వరమునకు నడుమ నెంత సొగసున్నదో! నేటి కచేరీల వేగమున నది వినబడదు.

అయినను ఒక కొఱత తోచినది. మన గోదావరిసీమ మేళములలో కలావంతులు పాడుచునే ఒక్కొక్క మాటను పలువిధముల నభినయించెడివారు. ఆ చేతులకు, ఆ చూపులకు గ్రంథమున గుర్తులు లేవు. 1947 నాటి మద్రాసు శాసనము ఆడపిల్లలను గుళ్లకు సమర్పించుటను, గుళ్లలో వారి నాట్యమును నిషేధించెను. సమర్పణము మానుట మేలే. కాని దానితోపాటు విద్యయు నిందకు గురియయ్యెను. పిమ్మట తలుపులు మూసికొని, తమలో తామే ఆ పదములు పాడుకొన్న వృద్ధస్త్రీలును ఈ డెల్టాలో నుండిరి.