ఓటు కోసం వేదికెక్కిన నటీమణులు

గ్రామ సంఘం మీటింగులో మొదటిసారి లేచి నిలబడి పేరు చెప్పిన రోజు మనలో చాలామందికి గుర్తే ఉంటుంది. గొంతు వణికింది, కొంగు వేలికి చుట్టుకున్నాం. నలుగురిలో మాట్లాడే ఆడదాన్ని ఊరు ఎట్లా చూస్తుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఈసారి చరిత్ర పేజీకి, నలుగురి ముందు మాట్లాడటమే బతుకుతెరువైన ఆడవాళ్ళ సంగతి ఎంచుకున్నాం. వీళ్ళు నూరేళ్ళ కిందటి లండన్ నాటక నటీమణులు.

అప్పట్లో ఇంగ్లండులో ఆడవాళ్ళకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. 1908 డిసెంబరులో లండన్‌లోని క్రైటీరియన్ రెస్టారెంటులో సమావేశం పెట్టి, నటీమణులు 'యాక్ట్రెసెస్ ఫ్రాంచైజ్ లీగ్' అనే సంఘం కట్టుకున్నారు. అంటే నటీమణుల ఓటు హక్కు సంఘం. గెర్‌ట్రూడ్ ఎలియట్ అధ్యక్షురాలు. ఆ కాలంలో అందరికంటే పేరున్న నటి ఎలెన్ టెర్రీ కూడా వీళ్ళ వైపు నిలబడ్డారు. ఓటు కోసం అప్పటికే చాలా సంఘాలుండేవి. కొందరు అర్జీలు పెడితే, కొందరు అద్దాలు పగలగొట్టి జైలుకు పోయారు. నటీమణులు ఒక్క పక్షానికే కట్టుబడకుండా అన్ని సంఘాలకూ నాటకాలాడి పెట్టారు, సభల్లో గొంతు ఎత్తి మాట్లాడటం నేర్పారు.

నాటకాల విభాగం ఐనెజ్ బెన్సుసన్ చూసుకునేవారు. ఈ ఉద్యమంలో వచ్చిన నాటకాల్లో మాకు బాగా నచ్చింది సిసిలీ హామిల్టన్ మరో రచయిత్రితో కలిసి రాసిన 'హౌ ద వోట్ వాజ్ వన్'. 1909లో ఆడారు. కథ ఇది. ఆడవాళ్ళను మగవాళ్ళే పోషిస్తున్నారు కదా, ఇంక వాళ్ళకు ఓటెందుకు అంటుంది సర్కారు. సరే, అట్లాగే పోషించండి అని కష్టపడి సంపాదించుకునే ఆడవాళ్ళంతా ఒకేరోజు పని మానేసి, దగ్గరి మగ చుట్టం ఇంటికి పెట్టె సర్దుకుని వచ్చేస్తారు. హోరేస్ అనే చిన్న గుమాస్తా ఇంట్లో చెల్లెలు, మేనకోడలు, అత్త ఇట్లా ఒకరి వెనక ఒకరు దిగుతారు. పనమ్మాయి కూడా వెళ్ళిపోతుంది. వీళ్ళందరికీ తిండి పెట్టాలంటే తన జీతం ఏ మూలకు? చివరికి ఆయనే ఆడవాళ్ళకు ఓటివ్వాలని బయల్దేరతాడు. ఈ కథ చెప్పుకున్నప్పుడు, మన ఇళ్ళల్లో ఒక్క వారం ఇట్లా చేస్తేనా అని మేము చాలాసేపు నవ్వుకున్నాం.

హామిల్టన్‌దే ఇంకో నాటకం, గొప్ప స్త్రీల ఊరేగింపు. అందులో లోకంలోని వీరనారులతో పాటు మన ఝాన్సీ రాణి కూడా వేదిక మీదికి వస్తుంది! దీన్ని ఊరూరా ఆడారు. ముఖ్య పాత్రలు నటీమణులవి, మిగతావి ఆ ఊరి ఆడవాళ్ళకే ఇచ్చేవారు. మన కళాజాతలో కూడా అంతే కదా, పాట పాడేది బృందం వాళ్ళైనా పక్కన నిలబడేది మన ఊరి మనిషే.

అందరికీ చప్పట్లే దక్కలేదు. పాటలు పాడి పొట్ట పోసుకునే కిట్టీ మారియన్‌కు, 1913లో గుర్రప్పందేల మైదానంలో స్టాండుకు నిప్పు పెట్టిన కేసులో మూడేళ్ళ శిక్ష పడింది. నిప్పు పెట్టడాన్ని మేము మెచ్చుకోలేం. కానీ జైల్లో ఆమె అన్నం మానేస్తే, గొట్టం గొంతులోకి తోసి బలవంతంగా ఆహారం పోశారు. అది 200 సార్లకు పైగా జరిగింది. పాడే గొంతు అది.

1918లో ఓటు వచ్చింది, అదీ 30 ఏళ్ళు దాటి, తనకో భర్తకో ఇల్లూ ఆస్తీ లెక్కలో ఉన్నవాళ్ళకే. మగవాళ్ళతో సమానంగా 21 ఏళ్ళకే ఓటు రావడానికి 1928 జూలై దాకా ఆగాల్సి వచ్చింది. అదే నెలలో ఎలెన్ టెర్రీ 81వ ఏట కన్నుమూశారు.