నడుమ ఇంజన్ కారు: కలిమి కాదు, పొదుపు కన్నది

కోదాడ నుంచి చిలుకూరు మీదుగా హుజూర్‌నగర్ పోయే రోడ్డు మీద బడిపిల్లల్నీ పెళ్లివాళ్లనీ మోసిన మారుతి వ్యాన్‌కు ముందు బానెట్ కింద ఇంజన్ ఉండదు. ముందు సీటు ఎత్తితే కనిపిస్తుంది, రెండు ఇరుసుల నడుమ. 1984లో వచ్చి, తర్వాత ఓమ్నీ పేరుతో 2019 దాకా తయారైన ఆ 796 సీసీ బండిని పందేల కోసం చేయలేదు, నిజమే. అయినా ఇంజన్‌ను నడుమ పెట్టడమంటే కోట్లు పోయాల్సిన పని అనుకునేవాళ్లు ఒకసారి దాన్ని గుర్తు చేసుకోవాలి.

కావడికి రెండు కొసలా కుండలు వేలాడుతుంటే గిరుక్కున తిరగడం కష్టం. కుండల్ని భుజం దగ్గరికి జరిపితే ఒళ్లు మాట వింటుంది. కారూ అంతే. అన్నిటికంటే బరువైన ఇంజన్ నడుమకు వస్తే మలుపులో ముక్కు వెంటనే తిరుగుతుంది, వెనుక చక్రాలకు పట్టు పెరుగుతుంది.

ఈ అమరికను నిలబెట్టింది ఇంగ్లండ్‌లో సర్బిటన్ గ్యారేజీ నడిపిన తండ్రీకొడుకులు చార్లెస్ కూపర్, జాన్ కూపర్. 1946లో, యుద్ధం ముగిసిన కరువు రోజుల్లో, రెండు ఫియట్ టోపోలినో కార్ల ముందుభాగాలు తెచ్చి ఒకటి ముందు, ఒకటి వెనుక అతికారు. మోటార్‌సైకిల్‌కు వాడే 500 సీసీ జేఏపీ ఇంజన్‌ను డ్రైవర్ వెనుక బిగించారు. కారణం సిద్ధాంతం కాదు, చైను! వెనుక చక్రాలకు చైను వేయాలంటే ఇంజన్ అక్కడుంటేనే సులువు. ఆ పొదుపే పదమూడేళ్ల తర్వాత, 1959లో, జాక్ బ్రాబమ్‌ను కూపర్ కారులో ఫార్ములా వన్ విజేతను చేసింది. మరుసటి ఏడూ గెలుపు అతనిదే. ఇక పెద్ద కంపెనీలన్నీ ఇంజన్‌ను వెనక్కి మార్చక తప్పలేదు.

1966లో లంబోర్గిని మియురా వచ్చాక మాత్రం ఈ అమరిక సంపన్నుల గుర్తుగా జనం మనసులో పడిపోయింది. నాకు నచ్చేది మరో వరస. 1972లో ఫియట్ తన 128 కారు ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ ఉన్నవి ఉన్నట్టే తీసి సీట్ల వెనుక పెట్టి ఎక్స్1/9 చేసింది. 1984లో టయోటా కరోలా ఇంజన్‌తో ఎంఆర్2 తెచ్చింది. ముందు చక్రాల డ్రైవ్ ఉన్న మామూలు కారు సరంజామాను మొత్తంగా వెనక్కి జరపడమే కిటుకు. 1992 నాటి ఆటోజామ్ ఏజెడ్-1 మనకు మరీ దగ్గరి చుట్టం. 720 కిలోల బరువు, పైకి తెరుచుకునే తలుపులు, 657 సీసీ సుజుకి టర్బో ఇంజన్. మన మారుతి వ్యాన్ ఇంజన్ కూడా అదే సుజుకి ఎఫ్ కుటుంబంలోదే.

మన దేశంలోనూ ఆశ రేగింది. 2012లో చూపిన డీసీ అవంతి ధర మధ్యతరగతికి అందలేదు. 2017లో జెనీవాలో టాటా చూపిన టామో రేసిమో అందేదేమో: 1.2 లీటర్ల టర్బో ఇంజన్, 190 గుర్రాల శక్తి, నాలుగు మీటర్ల లోపు పొడవు. దాన్ని పక్కన పెట్టేయడం నాకు ఇప్పటికీ బాధే.

రెండే సీట్లు, సామానుకు చోటు తక్కువ, సీటు వెనుక ఇంజన్‌కు మన ఎండల్లో గాలి అందించాలి. ఇబ్బందులు ఉన్నాయి, కాదనను. కానీ 1200 సీసీ, నాలుగు మీటర్ల హద్దు దాటని పెట్రోల్ కారుకు 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 18 శాతమే. రేసిమో కొలతలు ఆ హద్దులోనే ఇముడుతాయి. అలాంటి ఇంజన్లు, గేర్‌బాక్సులు ఇక్కడే తయారవుతున్నాయి. కూపర్లకు ఇందులో సగం వసతి కూడా లేదు. టాటా ఆ కారును మళ్లీ బయటకు తీయాలి.