నువ్వు వేయించుకున్నావా? 1897 ప్లేగు టీకా నుంచి 2021 కోవిన్ స్లాట్ దాకా

ఈ ఎపిసోడ్ టీకాల గురించి. కంగారు పడకండి, టీకా లోపల సైన్స్ ఎలా పనిచేస్తుందో చెప్పే వీడియో కాదు ఇది. అలాంటివి యూట్యూబ్ నిండా ఉన్నాయి. నాకు ఆసక్తిగా అనిపించిన ప్రశ్న వేరే ఉంది. భయపడుతున్న మనిషి చివరికి చొక్కా చేయి పైకి మడిచి, "సరే, వెయ్యండి" అని ఎప్పుడు అంటాడు? ఆ నిమిషానికి ముందు అతని మనసులో ఏం జరుగుతుంది? దీనికి సమాధానం 2021లోనూ దొరుకుతుంది, 1897లోనూ దొరుకుతుంది. రెండూ చూద్దాం.

ముందు పాత కథ. 1896 సెప్టెంబర్, బొంబాయి. రేవు దగ్గరున్న మాండ్వీ అనే పేటలో జనం తీవ్రమైన జ్వరంతో, గజ్జల్లో వాపుతో చనిపోతున్నారు. అకేసియో వీగస్ అనే డాక్టర్ అది ప్లేగు అని గుర్తించాడు. కొన్ని నెలల్లోనే లక్షల మంది ఊరు వదిలి పారిపోయారు. మిల్లుల్లో పనివాళ్లు లేరు. రైళ్లు కిక్కిరిసిపోయాయి. ఆ రైళ్లతో పాటే ప్లేగూ వేరే ఊళ్లకు వెళ్లింది. వినడానికి ఎక్కడో చూసినట్టే ఉంది కదా?

బ్రిటిష్ ప్రభుత్వం ఏం చేసింది? 1897 ఫిబ్రవరిలో ఎపిడెమిక్ డిసీజెస్ యాక్ట్ అని ఒక చట్టం తెచ్చింది. చాలా చిన్న చట్టం, కానీ అధికారులకు చాలా పెద్ద పవర్ ఇచ్చింది. ఇల్లు సోదా చేయొచ్చు, ప్రయాణికుల్ని ఆపి పరీక్షించొచ్చు, అనుమానం ఉన్నవాళ్లని వేరే పెట్టొచ్చు. మీకు ఇంకో విషయం చెప్పనా? 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు మన రాష్ట్రాలు ఆంక్షలు పెట్టడానికి వాడింది కూడా ఈ 1897 చట్టాన్నే.

పుణెలో ఆ పవర్‌ని ఎలా వాడారో చూడండి. వాల్టర్ రాండ్ అనే అధికారి కింద సైనికులు ఇళ్లలోకి చొరబడి సోదాలు చేశారు. వంటగదుల్లోకి, దేవుడి గదుల్లోకి వెళ్లారు, ఆడవాళ్లని పరీక్షించారు. జనం రగిలిపోయారు. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ని కాల్చారు, కొన్ని రోజులకు అతను చనిపోయాడు. అంటే రోగం నుంచి కాపాడతామని వచ్చినవాళ్లని చూసి జనం రోగం కంటే ఎక్కువ భయపడ్డారన్నమాట. సరిగ్గా ఇలాంటి వాతావరణంలోకి ఒక టీకా వచ్చింది.

ఆ టీకా తయారు చేసిన మనిషి పేరు వాల్డెమార్ హాఫ్కిన్. ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న ఒడెస్సాలో పుట్టిన యూదుడు. పారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాడు. 1892లో కలరా టీకా తయారు చేసి మొదట తన మీదే ప్రయోగించుకున్నాడు. దాన్ని మనుషులకు ఇచ్చి చూడటానికి ఇండియాకి వచ్చాడు. ప్లేగు మొదలవగానే ప్రభుత్వం అతన్ని కలకత్తా నుంచి బొంబాయికి పిలిపించింది. గ్రాంట్ మెడికల్ కాలేజీలో చిన్న జాగా ఇచ్చారు. అదే ల్యాబ్.

తయారీ పద్ధతి వింటే మీకు వంటింటి పనిలా అనిపిస్తుంది. మాంసం ఉడికించిన రసంలో ప్లేగు క్రిముల్ని పెంచాలి. ఆ రసం పైన నెయ్యి చుక్కలు తేలేలా వేస్తే, ఆ చుక్కల కింద క్రిములు పుష్కలంగా పెరుగుతాయని అతను కనిపెట్టాడు. బాగా పెరిగాక సుమారు 70 డిగ్రీల వేడిలో ఉంచి చంపేస్తాడు. చచ్చిన క్రిములున్న ఆ ద్రవమే టీకా. ఇప్పుడు దీన్ని ఎవరికి వేయాలి?

1897 జనవరి 10న హాఫ్కిన్ తనకే వేసుకున్నాడు. 10 మిల్లీలీటర్లు, అంటే తర్వాత జనానికి ఇచ్చిన డోసు కంటే మూడు నాలుగు రెట్లు. తీవ్రమైన జ్వరం, సూది వేసిన చోట నొప్పి వచ్చాయి, కోలుకున్నాడు. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లో పెట్టే ముందు సొంత మెషీన్ మీద రన్ చేశాడు. తేడా ఏంటంటే, ఆ మెషీన్ అతని ఒళ్లే.

తర్వాత బైకుల్లా జైల్లో ప్లేగు వచ్చినప్పుడు ముందుకొచ్చిన ఖైదీలకు వేశారు. వేయించుకోని వాళ్లతో పోలిస్తే, వేయించుకున్నవాళ్లలో కేసులు బాగా తగ్గాయి. జైల్లో ఉన్న మనిషి నిజంగా ఎంత ఇష్టపూర్వకంగా ముందుకొస్తాడు అన్నది ఈరోజు మనం అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ ఫలితాలతో టీకాకి పేరు వచ్చింది. అయినా బయట ఊళ్లో జనం గుంపులుగా వచ్చేయలేదు. "ప్రభుత్వం సూదితో ఏదో ఎక్కిస్తోంది" అన్న అనుమానం అలాగే ఉంది.

అప్పుడు ఆగాఖాన్ రంగంలోకి వచ్చాడు. ఇస్మాయిలీ ఖోజాల మతగురువు, ఇరవై ఏళ్ల కుర్రాడు. తన అనుచరులు భయపడుతున్నారని తెలిసి, వాళ్ల కళ్లముందే టీకా వేయించుకున్నాడు. అది చూశాక వాళ్లూ వేయించుకున్నారు. ఉపన్యాసం అవసరం రాలేదు. "మా మనిషి వేయించుకున్నాడు, బాగానే ఉన్నాడు" అన్నది చాలింది.

ఇంకో సంగతి కూడా ఉంది. టీకా వేయించుకున్నవాళ్లకి చాలా చోట్ల సర్టిఫికెట్ ఇచ్చేవారు. అది చూపిస్తే క్వారంటైన్ క్యాంపుల నుంచి మినహాయింపు దొరికేది. ఎయిర్‌పోర్టులో, మాల్ గేటు దగ్గర మనం ఫోన్ తీసి చూపించిన క్యూఆర్ కోడ్‌కి ముత్తాత ఆ కాగితం.

ఇక 2021కి వద్దాం. ఇండియాలో కోవిడ్ టీకా 2021 జనవరి 16న మొదలైంది. ముందు ఆరోగ్య సిబ్బందికి వేశారు. మార్చి 1 నుంచి 60 దాటినవాళ్లకి, ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ. అప్పట్లో వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి నేను ఖమ్మం దగ్గర మా ఊళ్లో ఉన్నాను. మా నాయనమ్మ వయసు డెబ్బై పైనే. కుర్చీ లాక్కుని కూర్చొని, ఆమెకి అన్నీ వివరంగా చెప్పాను. లాప్‌టాప్‌లో గ్రాఫులు కూడా చూపించాను. ఓపిగ్గా విని, "నీకు తెల్వదు బిడ్డా, సూది ఏసుకుంటే మంచిగున్నోళ్లు గూడ పండుకుంటున్నరంట" అని లేచి వెళ్లిపోయింది.

ఆమెని కదిలించింది మా ఊరి ఆశా వర్కర్. ఒక పొద్దున వచ్చి అరుగు మీద కూర్చుంది. నాయనమ్మ ఆమెని ఒకే ఒక ప్రశ్న అడిగింది: "నువ్వు ఏసుకున్నవా?" ఆమె చీర కొంగు పక్కకి జరిపి చేయి చూపించింది. "ఏసుకుని రెండు నెలలు దాటింది అవ్వా. రెండు దినాలు జరమొచ్చింది, పోయింది. నీ ముందలనే కూసున్న కదా." అంతే. మరుసటి వారం నాయనమ్మ ఆధార్ కార్డు పట్టుకుని పీహెచ్‌సీకి బయలుదేరింది. నా గ్రాఫులకి రాని ఫలితం ఆ చేతికి వచ్చింది. బొంబాయిలో ఆగాఖాన్ చేసిన పనే, మా ఊళ్లో ఆశా అక్క చేసింది.

కానీ మా వీధిలో అందరూ వెళ్లలేదు. ఎందుకంటే అది మిరపకాయ కోతల సీజన్. తోటకి పోతేనే కూలి. "జ్వరమొచ్చి రెండు రోజులు పడుకుంటే ఎవరిస్తారు?" అని అడిగారు. దీన్ని మనం మూఢనమ్మకం అని కొట్టిపారేస్తే తప్పు మనదే. నెల జీతం వచ్చేవాడికి జ్వరం అంటే ఒక సిక్ లీవ్. రోజు కూలీకి జ్వరం అంటే పొయ్యి మీద గిన్నె ఎక్కదు. హాఫ్కిన్ టీకాకీ ఇదే చిక్కు. అది గట్టి టీకా, జ్వరంతో ఒకటి రెండు రోజులు పని పోయేది. మిల్లు కార్మికుడికి, రేవు కూలీకి అది చిన్న విషయం కాదు.

నా వంతు మే 1న వచ్చింది. 18 దాటిన అందరికీ టీకా అన్నారు. చేతిలో స్లాట్ మాత్రం లేదు. కోవిన్ తెరవడం, ఓటీపీ, క్యాప్చా, పిన్‌కోడ్ కొట్టడం, అంతా ఎరుపు రంగు. ఎక్కడో ఆకుపచ్చ కనిపించి నొక్కేలోపు అయిపోయేది. కోవిన్ సమాచారాన్ని అప్పట్లో పబ్లిక్ ఏపీఐ ద్వారా తీసుకునే వీలుండేది కాబట్టి, నాలాంటి ఇంజనీర్లు స్లాట్ ఖాళీ అవగానే అలర్ట్ వచ్చేలా ప్రోగ్రాములు రాసి టెలిగ్రామ్‌లో పెట్టారు. సిటీవాళ్లు పల్లెటూరి పీహెచ్‌సీలో స్లాట్ పట్టుకుని కారులో వెళ్లి వేయించుకొచ్చారు. ఆ ఊరివాళ్లేమో చేతిలో స్మార్ట్‌ఫోన్ లేక బయట నిలబడి చూశారు. ఇంటర్నెట్ లేనివాళ్ల సంగతేంటని సుప్రీంకోర్టు కూడా కేంద్రాన్ని అడిగింది. మే 24న 18-44 వయసువాళ్లకి ప్రభుత్వ కేంద్రాల్లో నేరుగా వచ్చి రిజిస్టర్ చేసుకునే వీలు ఇచ్చారు. టీకాని నమ్మడం ఒక మెట్టు అయితే, అది మనదాకా రావడం ఇంకో మెట్టు.

నాకు జూన్ చివర్లో, లాక్‌డౌన్ ఎత్తేశాక, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో దొరికింది. కోవిషీల్డ్, 780 రూపాయలు. సూది పడింది కూడా తెలియలేదు. అరగంట కూర్చోమన్నారు. ప్లాస్టిక్ కుర్చీల్లో ముప్పై మందిమి ఉన్నాం. అందరూ ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ ఒకరినొకరు గమనిస్తున్నాం. ఎవరికైనా ఏమైనా అవుతుందా అని. పక్కన కూర్చున్న క్యాబ్ డ్రైవర్ అన్న, "మొత్తానికి అందరం ఒకేసారి వేసుకున్నాం, ఏదైనా అయితే అందరికీ అవుద్ది" అన్నాడు. అందరం నవ్వాం. ఆ రాత్రి 101 జ్వరం, భుజం రాయిలా బిగుసుకుపోయింది. పొద్దున ఫోన్‌లో మా నాయనమ్మ: "జరమొచ్చిందా? వస్తది. పోతది." ఇప్పుడు నాకు ధైర్యం చెప్పే సీనియర్ ఆమె!

ఇంతవరకే అయితే కథ సుఖాంతం. కానీ నమ్మకం ఎంత సున్నితమైనదో 1902లో మల్కోవాల్ అనే ఊరు చూపించింది. పంజాబ్‌లో ఉండేది, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. అక్టోబర్ 30న అక్కడ 107 మందికి ప్లేగు టీకా వేశారు. ఒకే ఒక సీసాలోంచి వేయించుకున్న 19 మందికి ధనుర్వాతం వచ్చింది. 19 మందీ చనిపోయారు. మిగతా సీసాల్లోంచి వేయించుకున్నవాళ్లకి ఏమీ కాలేదు.

నింద మొత్తం హాఫ్కిన్ ల్యాబ్ మీద పడింది. అతన్ని పదవిలోంచి తప్పించారు. కానీ విచారణలోనే ఒక విషయం బయటపడింది. ఆ రోజు సీసా మూత తీసే పటకారు నేల మీద పడింది. దాన్ని సరిగ్గా శుభ్రం చేయకుండానే వాడారు. ధనుర్వాతం క్రిములు ఉండేది మట్టిలోనే. 1907లో రొనాల్డ్ రాస్‌తో సహా పదిమంది శాస్త్రవేత్తలు లండన్ 'టైమ్స్' పత్రికకి లేఖ రాసి హాఫ్కిన్ తప్పు లేదని వాదించారు. ఈ రాస్ మనకి తెలిసినవాడే. దోమల ద్వారా మలేరియా వస్తుందని 1897 ఆగస్టులో మన సికింద్రాబాద్‌లో కనిపెట్టింది ఆయనే. చివరికి హాఫ్కిన్ మీద మచ్చ తొలగింది, మళ్లీ ఇండియాకి వచ్చాడు. కానీ అప్పటికి ఐదేళ్లు పోయాయి. టీకా మీద జనం నమ్మకానికి పెద్ద దెబ్బ తగిలింది. ఆ రెండు దశాబ్దాల్లో ప్లేగు మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది.

మనకీ చిన్న చిన్న మల్కోవాల్‌లు ఎదురయ్యాయి. నేను చావుల గురించి అనడం లేదు, నమ్మకం కదిలిన సందర్భాల గురించి అంటున్నా. మన హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌కి మూడో దశ ఫలితాలు రాకముందే, 2021 జనవరి 3న అత్యవసర అనుమతి ఇచ్చారు. తర్వాత వచ్చిన ఫలితాలు బాగున్నాయి, నవంబర్‌లో డబ్ల్యూహెచ్‌వో కూడా గుర్తించింది. కానీ ఆ మధ్య నెలల్లో "ఎందుకంత తొందర?" అన్న ప్రశ్న న్యాయమైనదే. మార్చి 1న ప్రధాని అదే కోవాగ్జిన్ వేయించుకుని ఫోటో పెట్టారు. అదీ ఆ పాత ప్రశ్నకి జవాబే: నువ్వు వేయించుకున్నావా?

మా ఇంట్లో అయితే ఇంకోటి జరిగింది. నాయనమ్మకి రెండో డోసు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అన్నారు. మే 13న గడువు పన్నెండు నుంచి పదహారు వారాలకి మారింది. గడువు పెంచడానికి సైన్స్ కారణాలు చెప్పారు, కానీ అప్పుడే టీకాల కొరత కూడా ఉంది. నాయనమ్మ అడిగింది ఇదే: "ముందుగాల తెల్వదా వీళ్లకి? సరుకు లేక గిట్ల చెప్తున్నరా?" చదువుకోని మనిషి, సరిగ్గా పెట్టాల్సిన చోటే వేలు పెట్టింది. మళ్లీ ఆశా అక్కే వచ్చి, "నాక్కూడా నిన్ననే చెప్పిన్రు అవ్వా, తారీఖు రాంగనే నేనే తీస్కపోత" అంది. తెలియంది తెలియదని చెప్పింది. జూలైలో మాట నిలబెట్టుకుంది కూడా.

2021 అక్టోబర్ 21కి దేశంలో 100 కోట్ల డోసులు పూర్తయ్యాయి. అంత పెద్ద నంబర్ వెనక చట్టం ఉంది, ఫ్యాక్టరీలు ఉన్నాయి, కోవిన్ ఉంది. ఇంటింటికీ తిరిగి చేయి చూపించిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. రాండ్ సైనికుల్ని పంపితే జనం తలుపులు మూసుకున్నారు. పక్కింటి మనిషి తన భుజం చూపిస్తే చేయి చాపారు. సుమారు 125 ఏళ్ల తేడాతో రెండుసార్లు అదే జరిగింది. ఇంకో మహమ్మారి వస్తే ఎలాంటి టీకా వస్తుందో మనకి తెలియదు. కానీ ఆశా అక్కలాంటి వాళ్లకి మామూలు రోజుల్లో సరైన జీతం, గౌరవం ఇచ్చి నిలబెట్టుకుంటే, ఆ రోజు తలుపు తట్టడానికి ఒక మనిషి ఉంటుంది. అది ఇప్పుడు మన చేతిలో ఉన్న పని.

చివరిగా ఒక చిన్న పని మీకు. 1897లో టీకా వేయించుకున్న మామూలు మనుషుల మాటలు మనకి దాదాపు ఏమీ మిగల్లేదు. అధికారుల రిపోర్టులే మిగిలాయి. మన విషయంలో అలా కాకూడదు. ఇంట్లో అమ్మని, తాతని, నాయనమ్మని అడగండి: ఎవర్ని చూసి ధైర్యం చేశావు అని. ఫోన్‌లో రికార్డ్ చేసి దాచిపెట్టండి. కామెంట్స్‌లో కూడా రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.