ఫ్లోరోసిస్ - వెన్నుపాము వ్యాధి

తాగునీటి ద్వారా ఫ్లోరైడ్ అధికంగా, ఏళ్ళ తరబడి శరీరంలో చేరడం వలన కలిగే వ్యాధిని ఫ్లోరోసిస్ అంటారు. ఇది పళ్ళకు, ఎముకలకు వచ్చే వ్యాధిగానే ఎక్కువమందికి తెలుసు. కాని ముదిరినప్పుడు వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్ళు చచ్చుబడతాయి. రాయలసీమలో కర్నూలు, కడప ప్రాంతాలలోని కొన్ని గ్రామాలు ఈ సమస్యను ఎదుర్కొంటున్నాయి.

చరిత్ర

భారతదేశంలో మానవులలో ఈ వ్యాధిని గురించిన తొలి వివరమైన నివేదికను షార్ట్, ఆయన సహచరులు 1937లో ప్రచురించారు. అది నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాకు సంబంధించినది. కేంద్ర ప్రభుత్వం 2008-09లో జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

కారణాలు

గ్రానైటు జాతి శిలలలోని ఫ్లోరైడ్ ఖనిజాలు భూగర్భజలంలో కరుగుతాయి. వర్షాభావం వలన చెరువులు, బావులు ఎండి, ప్రజలు లోతైన బోరునీటిపై ఆధారపడతారు. ఎండలో పనిచేసేవారు నీరు ఎక్కువగా తాగుతారు కనుక వారి శరీరంలో చేరే ఫ్లోరైడ్ కూడా ఎక్కువే. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు.

ఎముకలలో చేరిన ఫ్లోరైడ్ వలన వెన్నుపూసలు మందమవుతాయి, వాటిని కలిపే స్నాయువులు ఎముకవలె గట్టిపడతాయి. అందువలన వెన్నుపాము ఉండే నాళం ఇరుకవుతుంది. మెడ భాగంలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

వ్యాధి లక్షణాలు

* బాల్యంలో అధిక ఫ్లోరైడ్ నీరు తాగినవారి పళ్ళపై పసుపు లేదా గోధుమరంగు చారలు ఏర్పడతాయి.
* మెడ, నడుము, కీళ్ళు నొప్పిచేసి బిగుసుకుపోతాయి. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళను అందుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులను తల వెనుక చేర్చడం కష్టమవుతుంది.
* వెన్నుపాముపై ఒత్తిడి పడినప్పుడు కాళ్ళు, చేతులు తిమ్మిరెక్కుతాయి. కాళ్ళు కర్రలవలె బిగుసుకొని నడకలో తట్టుకుంటాయి. మూత్రంపై అదుపు తప్పుతుంది.

చేతులు వణకడం, చిన్న అడుగులతో ముందుకు వంగి నడవడం పార్కిన్సన్ వ్యాధి లక్షణాలు. అది మెదడుకు సంబంధించిన వేరే వ్యాధి.

నిర్ధారణ

ఎక్స్-రేలో ఎముకలు మామూలుకంటె తెల్లగా, చిక్కగా కనిపిస్తాయి. ముంజేతి రెండు ఎముకల మధ్యనున్న పొర గట్టిపడటం ముఖ్యమైన గుర్తు. నీటిలో, మూత్రంలో ఫ్లోరైడును కొలుస్తారు. ఒత్తిడి ఎక్కడున్నదీ ఎం.ఆర్.ఐ. పరీక్షలో తెలుస్తుంది.

ఫ్లోరైడ్ గ్రామంలో కాళ్ళు పడిపోయిన ప్రతివారికీ ఫ్లోరోసిసే కారణమని భావించరాదు. వెన్నెముక క్షయ, విటమిన్ బి12 లోపం, వెన్నులో కణితి వలన కూడా ఇట్లే జరుగుతుంది. సకాలంలో గుర్తిస్తే క్షయను, బి12 లోపాన్ని మందులతో నయం చేయవచ్చు. "నీళ్ళ జబ్బు, మందు లేదు" అని ఇంట్లో ఉండిపోతే ఆ అవకాశం చేజారుతుంది.

చికిత్స

ఎముకలలో చేరిన ఫ్లోరైడును పూర్తిగా తొలగించే మందు లేదు. ఒత్తిడి ఎక్కువైతే వెన్నుపూస వెనుక భాగాన్ని తొలగించే శస్త్రచికిత్స చేస్తారు. ఎముక గట్టిగా ఉండుటచే ఇది కష్టమైనది. కాళ్ళు పూర్తిగా చచ్చుబడక ముందే చేస్తే ఫలితం మెరుగు. మంచానపడినవారికి వ్యాయామ చికిత్స, పుండ్లు పడకుండా ప్రక్క మార్చడం అవసరం. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో నరాల వ్యాధుల విభాగం, నరాల శస్త్రచికిత్స విభాగం ఉన్నాయి.

నివారణ

నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. కొంత నీరు ఆవిరై, మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. సాధారణ క్యాండిల్ ఫిల్టరు కూడా దీనిని తొలగించలేదు. రివర్స్ ఆస్మాసిస్ యంత్రం, యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు తొలగిస్తాయి. పటిక, సున్నం వాడే నల్గొండ పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ 1970వ దశకంలో రూపొందించింది. నదుల నీటిలోను, వాననీటిలోను ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువ. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి వంటి వాటితో కాల్షియం, విటమిన్ సి లభించే ఆహారం మేలు చేస్తుంది. పిల్లల పళ్ళపై చారలు కనిపించినప్పుడే ఆ ఊరి నీటిని పరీక్ష చేయించడం ఉత్తమం.